షట్టర్ బరువైందా? పైన నట్టు ముట్టకండి

మన వరంగల్‌లో ఇంటి కింద మడిగె ఉన్నా, కారు పెట్టే జాగా ఉన్నా ముందర రోలింగ్ షట్టరే కదా. మొన్న హన్మకొండ నుంచి ఒకాయన ఫోన్ చేసిండు: "షట్టర్ లేస్తలేదు, పైన నట్లు విప్పుతున్న." నేనొచ్చేదాక ముట్టుకోవద్దన్న.

ఎందుకంటే పైన పైపు మీద స్ప్రింగులు ఉంటయి. షట్టర్ దించినకొద్దీ అవి బిగుసుకుంటయి. లేపేటప్పుడు ఆ బిగువే మన చేతికి సాయం. అంటే షట్టర్ మూసి ఉన్నప్పుడే స్ప్రింగుల బలం ఎక్కువ. అప్పుడు నట్టు వదిలితే పైపు గిర్రున తిరుగుతది, పానాతో పాటు చెయ్యి కూడా పోతది. పూర్తిగా ఎత్తినా కొంత బిగువు మిగిలే ఉంటది.

తీరా పోయి చూస్తే స్ప్రింగులు బాగానే ఉన్నయి. పక్క గైడ్లకు ఆయనే దండిగా గ్రీజు పూసిండు, దానికి దుమ్ము పట్టి గట్టిపడ్డది! కిరోసిన్ గుడ్డతో తుడిస్తే లేచింది. గైడ్లను పొడిగుడ్డతో తుడవండి, చాలు.

నెలకోసారి షట్టర్‌ను సగం దాకా ఎత్తి, చేతులు తీయకుండా పట్టు కొంచెం సడలించి చూడండి. కింద పిల్లలు ఉండొద్దు. దబ్బున జారబోతే స్ప్రింగ్ నీరసపడ్డట్టే. ఇక దాన్ని వాడకుండా షట్టర్ మిస్త్రీని పిలవండి.