రూపాయి మీద ఎవరి పేరు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన లక్డీకాపూల్‌కు దగ్గర్లో, సచివాలయం పక్కన మింట్ కాంపౌండ్ ఉంది. 1903లో అక్కడ సైఫాబాద్ టంకశాల వెలిసింది. ఈ రోజు ఆ టంకశాల నాణేల గురించి నాలుగు మాటలు చెబుతాను.

పారశీక రాజనీతిలో రాజుకు రెండు గుర్తులు: శుక్రవారం ప్రార్థనలో చదివే పేరు, నాణెం మీద ముద్రించే పేరు. అందుకే నాణేన్ని ఆనాటి రాజపత్రంలా చదవాలి.

1724లో నిజాం స్వతంత్రుడయ్యాడని మనం బడిలో చదువుకున్నాం. నాణెం ఆ మాట ఒప్పుకోదు. ఆ తరువాత నూరేళ్లు దాటినా హైదరాబాదు రూపాయి మీద పారశీక లిపిలో ఉన్నది ఢిల్లీ మొగలు చక్రవర్తి పేరే. నిజాం తన పేరులోని ఒక్క అక్షరాన్ని మూలన గుర్తుగా వేయించుకునేవాడు. నాసిరుద్దౌలాకు 'నూన్' అలాంటిదే.

1858లో ఆంగ్లేయులు బహదూర్ షా జఫర్‌ను రంగూన్ పంపేశారు. ఇక ఎవరి పేరు వేయాలి? రాజస్థాన్‌లో అల్వర్, బికనీర్ సంస్థానాలు కొన్నాళ్లకు విక్టోరియా రాణి బొమ్మ వేశాయి. హైదరాబాదు వేయలేదు. వంశమూలపురుషుడి బిరుదు 'నిజాముల్ముల్క్ ఆసఫ్ జా బహదూర్' అని ముద్రించి, 92 అంకె చేర్చింది. అరబ్బీ అక్షరాల లెక్కలో 'ముహమ్మద్' అనే పేరు విలువ అది.

మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1903 ప్రాంతంలో, రూపాయి మీదకు చార్మినార్ వచ్చింది. దాని ద్వారంలో 'మీమ్' అక్షరం. ఉస్మాన్ అలీ ఖాన్ రాగానే అది 'ఐన్'గా మారింది. పారశీకం చదవలేని మన రైతుకు కూడా అది ఏ ఊరి రూపాయో బొమ్మే చెప్పేది. కాగితం నోట్ల మీద మాత్రం తెలుగుకూ చోటు దొరికింది.

ఇందులో నాకు తోచినది ఒకటి. మొగలుల పేరు వేసిన రోజుల్లో నాణెం నిజాం బలాన్ని తక్కువ చేసి చెప్పింది. తన పేరే వేసుకున్న రోజుల్లో ఎక్కువ చేసి చెప్పింది. ఎందుకంటే అప్పటికి కోఠీలో ఆంగ్ల రెసిడెంటు మాట లేకుండా పెద్ద పని జరిగేది కాదు. కాబట్టి పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు, నాణెం మీద ఏముందో చూపించడంతో ఆగకుండా, ఏది లేదో కూడా అడగమని మన ఉపాధ్యాయులకు మనవి.

1948 తరువాత హాలీ సిక్కా, కల్దారు రూపాయి కొన్నేళ్లు పక్కపక్కనే నడిచాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. 1950ల్లో హాలీ కనుమరుగైంది. ఆ టంకశాల ఇప్పుడు మ్యూజియం. మన పిల్లలను ఒకసారి తీసుకెళ్లండి.