ముస్తఫా డబ్బాను ఏం చేద్దాం?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

నాకు మైకు అలవాటు లేదు. టీవీలు బాగుచేసుకునేవాణ్ణి. "ఆ వీడియో గేమ్ డబ్బా సంగతి నువ్వే తేల్చాలి" అని కార్యదర్శిగారు అంటే నిలబడ్డాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మా బ్యాచ్ మిత్రుడి నాన్నగారు గవర్నర్‌పేటలో గేమ్ షాపు నడిపేవారు. షాపు ఎత్తేశాక ఈ ఒక్క డబ్బా అజిత్‌సింగ్‌నగర్‌లో వాళ్ల ఇంటి కింద గదిలో ఉండిపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చి పడినప్పుడు మోకాలి ఎత్తు నీళ్లలో నానింది. ఇల్లు సర్దుకుంటూ వాళ్లమ్మగారు, "పారెయ్యడానికి మనసొప్పట్లేదు నాయనా, మీ బడికి పట్టుకెళ్లండి" అన్నారు.

అందులో ఉన్నది 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జపాన్‌లోని క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చిన ఆట. ఆ పేరు బెజవాడలో ఎవరు పలికారు? టోపీ పెట్టుకుని ఎగిరి తన్నేవాడి పేరు మీద 'ముస్తఫా గేమ్' అయిపోయింది.

ఇప్పుడు మనలో రెండు వర్గాలు. ట్యూబు పీకేసి, ఎల్‌సీడీ తెర బిగించి, చిన్న కంప్యూటరు పెడితే వెయ్యి ఆటలొస్తాయని ఒకరు. మేకు కూడా కదపొద్దని ఇంకొకరు. మొదటివాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. రంగుల పిక్చర్ ట్యూబు మీద 20,000 వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్చి కట్టినా కొంతసేపు నిలుస్తుంది. పిల్లలు తిరిగే చోట అది చిన్న విషయం కాదు.

అందుకే ముందు డబ్బాలో ఏది బతికుందో చూశాను. నెల్లాళ్లు ఆరనిచ్చి, 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి కరెంటిచ్చాను. బొమ్మ వచ్చింది! పైనా కిందా కుంచించుకుని వచ్చింది, అంతే. వర్టికల్ సెక్షన్‌లో కెపాసిటర్లు ఎండిపోయాయి. అవి మారిస్తే సరిపోతుంది. ట్యూబు దివ్యంగా ఉంది. అలాంటి ట్యూబుల తయారీ ప్రపంచంలో దాదాపు ఆగిపోయింది, పీకితే మళ్లీ రాదు.

బోర్డు సంగతి తమాషా. అసలు క్యాప్‌కామ్ బోర్డులో శబ్దం ప్రోగ్రాముకి తాళంచెవి లాంటి సమాచారాన్ని ఒక బ్యాటరీ కాపాడుతుంది. బ్యాటరీ చస్తే ఆట మూగబోతుంది. మన దాంట్లో ఉన్నది నకలు బోర్డు, దానికా బ్యాటరీయే లేదు. దొంగసరుకు కాబట్టే బతికిందన్నమాట.

వెయ్యి ఆటలు కావాలన్నవాళ్లకు కూడా దారుంది. ఈ డబ్బాలో వైరింగు జామా పద్ధతిది. 1985లో జపాన్‌వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు, 56 పిన్నుల కనెక్టరు. ఈ బోర్డు లాగి, అదే కనెక్టరుకి చాలా ఆటలున్న బోర్డు తగిలించొచ్చు. ఒక్క తీగ కోయక్కర్లేదు. మళ్లీ ముస్తఫా కావాలంటే రెండు నిమిషాల పని.

చెక్క మాత్రం నిలవదు. అడుగున అడుగున్నర ప్లైవుడ్ ఉబ్బి పొరలు విడిపోయింది. అంతవరకు కోసి కొత్తది అతికిద్దాం. పైన రంగు వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. వెనక తలుపు జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు.

ఎందుకంటే ఆ తలుపు లోపలివైపు నాన్నగారు పెన్సిలుతో బాకీలు రాసుకున్నారు. పేర్లు, పక్కన టోకెన్ల లెక్క. నీళ్లు అక్కడిదాకా ఎక్కలేదు. ఆ పేర్లలో నలుగురు ఈ హాల్లోనే ఉన్నారు, ఒకరు వేదిక మీద ఉన్నారు! కొన్ని పేర్ల మీద గీత ఉంది, అంటే చెల్లినట్టు. ఇంకొన్నింటి మీద డబ్బు ఇవ్వకపోయినా గీత కొట్టేశారని మా మిత్రుడు చెప్పాడు. ఒక మూల 'డ్రిల్లు మాస్టారు వచ్చి వెళ్లారు. సాయంత్రం దాకా యూనిఫారంవాళ్లని రానివ్వొద్దు' అని ఉంది. కన్వర్షన్ చేస్తామన్న వడ్రంగి ముందు మార్చమన్నది ఆ తలుపునే.

కాబట్టి నా మాట ఇది. ట్యూబు, బోర్డు, తలుపు ఉంచుదాం. వెనక తాళం వేద్దాం, చెవి ల్యాబ్ మాస్టారి దగ్గర ఉంటుంది. ఎప్పటికైనా ట్యూబు పోతే ఆ నాలుగు బోల్టులకే ఎల్‌సీడీ బిగిద్దాం, నేనే బిగిస్తాను. కెపాసిటర్లు, ప్లైవుడ్, కొత్త బటన్లు కలిపి 9 వేలు దాటదు. నా కూలి లేదు.

మెట్లెక్కించి మేడ మీద గదిలో పెడదాం, బుడమేరుని నమ్మలేం. మొయ్యడానికి ఆరుగురు కావాలి. ఆదివారం పొద్దున్న 9 గంటలకి, చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి.