క్రిస్మసు కానుకలు – చేతిపని, చవుక బేరము

(పాఠశాల తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



డిసెంబరు సెలవులు దగ్గరపడుచున్న ఈ సమయమున పండుగ ఖర్చును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఈ సభయందున్న వారిలో క్రైస్తవ కుటుంబములవారు కొందరు, ఇతరులు పెక్కురు. అయినను చెన్నపట్టణమున తరతరములుగా నివసించుచున్న మనకు పండుగలు పంచుకొనుట అలవాటే. కావున నేను క్రిస్మసును గూర్చి చెప్పబోవునది దీపావళికిని సంక్రాంతికిని కూడ కొంత పనికివచ్చును.

మొదట లెక్క చూతము. చేతిలో సొమ్ము చాలక పండుగకై పదివేల రూపాయలు వడ్డీకి తెచ్చితిమనుకొందము. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీయైనచో నెలకు 300 రూపాయలు. అసలు తీర్చక మరుసటి క్రిస్మసు వరకు నడిపించినచో వడ్డీయే 3,600 రూపాయలు. పిల్లవాడు ఆ అప్పుతో కొన్న బొమ్మను సంక్రాంతికి ముందే విరుగగొట్టియుండును. వడ్డీ మాత్రము విరుగదు. ఇంతలో జనవరిలో బడి తెరచుటతోడనే రుసుములును నోటు పుస్తకములును ఎదురుచూచుచుండును. దీనికి మారుగా జనవరి మొదటి వారము నుండి వారమునకు 50 రూపాయల చొప్పున మట్టి హుండీలో వేసినచో 52 వారములకు 2,600 రూపాయలగును. బట్టలు మినహాయించినచో, సామాన్య కుటుంబము ఆ మొత్తమునకు లోబడి కానుకల ముచ్చట తీర్చుకొనవచ్చును.

తూర్పుదేశపు జ్ఞానులు తెచ్చిన బంగారము, సాంబ్రాణి, బోళము మూడును విలువగలవే గదా యని ఒక సోదరి నన్నడిగినది. నిజమే. కాని వారు అప్పుచేసి తెచ్చినట్లు సువార్తలో లేదు. గొల్లలు ఏమైన తెచ్చినట్లును అందు చెప్పబడలేదు.

కానుకల సంఖ్యను తగ్గించుటకు చీట్ల పద్ధతి మేలైనది. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, వారి పిల్లలు కలిసి పండ్రెండుగురు ఉన్నారనుకొనుడు. ఒక్కొక్కరు తక్కిన పదునొకండుగురికి ఇచ్చినచో 132 కానుకలగును. పేర్లు చీట్లపై వ్రాసి, ఒక్కొక్కరు ఒక్క చీటి తీసి, అందు పేరున్నవారికే ఇచ్చినచో 12 కానుకలతో సరిపోవును. ఒక్కదానికి ఇంతకు మించరాదని ధర ముందే నిర్ణయించుకొనవలెను. లేనియెడల పెద్ద జీతము గల బావగారు గడియారము తెచ్చి అందరిని ఇరుకున పెట్టును.

ఇక కార్డుల సంగతి. అచ్చువేసిన క్రిస్మసు కార్డు మొదట లండను నగరమున 1843లో వెలువడినది. హెన్రీ కోల్ అను ఉద్యోగి పనుల ఒత్తిడిలో మిత్రులందరికి ఉత్తరములు వ్రాయలేక, హార్స్లీ అను చిత్రకారునిచే బొమ్మ వేయించి సుమారు వేయి ప్రతులు ముద్రింపించెను. ఒక్కొక్కటి షిల్లింగుకు అమ్మిరి. నాటి కూలివానికి అది చిన్న మొత్తము కాదు. చేతివ్రాతకు తీరికలేని వ్యక్తి కనిపెట్టిన ఉపాయమును మనము మర్యాదకు గురుతుగా తలచుచున్నాము!

చార్టు కాగితము సాధారణముగా 22 అంగుళముల వెడల్పు, 28 అంగుళముల పొడవు ఉండును. దానిని సగమునకు సగము వచ్చునట్లు మూడుమారులు మడచి మడతలవెంట కోసినచో ఎనిమిది ముక్కలు వచ్చును. తుంట ఒక్కటియు మిగులదు. ఒక్కొక్క ముక్కను మధ్యకు మడచినచో కార్డు సిద్ధము. ఇక బొమ్మ. బెండకాయను అడ్డముగా కోసి చూడుడు. అయిదు రేకుల నక్షత్రము కనబడును. క్రిస్మసు నక్షత్రమునకు అంతకంటె అందమైన అచ్చు ఏ అంగడిలో దొరకును? రంగునీటిలో తడిపిన గుడ్డపై దానిని అద్ది కాగితముపై ఒత్తవలెను. నీరు ఎక్కువైనచో అచ్చు అలుకుకొనిపోవును; గుడ్డ తడిగానుండిన చాలును, కారరాదు. పసుపును నీటిలో చిక్కగా కలిపిన పచ్చరంగు. అందే చిటికెడు సున్నము చేర్చిన ఎర్రరంగు. ఈ పారాణి సంగతి తల్లులకు నేను చెప్పనక్కరలేదు. ఎండ తగిలినచో పసుపు వెలియును గావున కార్డులను నీడన ఆరబెట్టవలెను. పెద్దపిల్లలచే చుక్కలముగ్గు వేయింపవచ్చును. మన గడపలోని నక్షత్రపు ముగ్గు కార్డుమీద చక్కగా అమరును. కవరునకు పాత క్యాలెండరులో గడచిపోయిన నెల కాగితమును బొమ్మ లోపలికి వచ్చునట్లు మడచి, మైదా ఉడికించిన జిగురుతో అంటింపవలెను.

ఒక హెచ్చరిక. చేతిపని యనుచు మెరుపుపొడి, రాళ్లు, రంగుల నాడాలు కొనబోయినచో కార్డు ధరను మించిపోవును. ముప్పది యేండ్లు చేతిపనుల తరగతి నడిపినదానను. ఈ పొరపాటు తరచు చూచితిని. ఇంటనున్నదానితో చేయనిది పొదుపు కాదు.

కార్డు లోపలి పుట మాట మిగిలినది. నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే. అంగళ్లలో ఇంగ్లీషు కార్డులు, తమిళ కార్డులు దొరకును. తెలుగు కార్డు మన వీధులలో అరుదు. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము తరగతి వెంట తరగతిగా అమలై పదవ తరగతి వరకు తమిళమును తప్పనిసరి చేసినది. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే; మనకు అన్నము పెట్టిన నేల భాష అది. కాని ఇంట తెలుగు వ్రాయించు బాధ్యత మనపై అంతకంతకు పెరిగినది. మన పిల్లలు తెలుగు చక్కగా మాటలాడుదురు. కలము పట్టుమన్నచో “ణ”కును “ళ”కును తడబడుదురు. ఒంగోలుననో నెల్లూరుననో ఉన్న అమ్మమ్మకు ఫోనులో నిత్యము మాటలాడు పిల్ల, తన చేతితో నాలుగు పంక్తులు వ్రాసి ఎంతకాలమైనదో మీరే తలచుకొనుడు. కార్డులో “శుభాకాంక్షలు” అని ఒక్క మాట వ్రాయించి విడువకుడు. ఇంట కుక్కపిల్ల వచ్చినదనియో, పరీక్షలో లెక్క తప్పినదనియో ఏదో ఒక సంగతి వ్రాయనిండు. తప్పులు దిద్ది మరల వ్రాయింపవలదు. అమ్మమ్మకు ఆ తప్పులును ముద్దే.

తినుబండారముల కానుక అందరికిని ఇష్టము. గులాబీ పువ్వులకు బియ్యపుపిండి, కొంచెము మైదా, పంచదార, కొబ్బరిపాలు చాలును. ఇనుప అచ్చు నూనెలో బాగుగా కాగనిదే పిండి పట్టదు. అచ్చును ముప్పాతిక వంతు మాత్రమే ముంచవలెను, పైకి పాకినచో పువ్వు ఊడిరాదు. చెన్నపట్టణపు డిసెంబరు తేమకు అవి త్వరగా మెత్తబడును. ఖాళీ బిస్కత్తు డబ్బా కడిగి ఎండబెట్టి అందుంచి ఇచ్చినచో డబ్బాయు కానుకయే. పాత చీర అంచులతో కుట్టిన సంచులును మంచివి. ప్లాస్టికు సంచులపై ఈ రాష్ట్రమున 2019 జనవరి నుండి నిషేధమున్నందున అవి ప్రతి ఇంటికిని పనికివచ్చును.

కొనక తప్పని వస్తువులు కొన్ని యుండును. పెద్దల బట్టలు ఆషాఢపు తగ్గింపులలోనే, అనగా తమిళుల ఆడినెలలో, కొని దాచవచ్చును. పిల్లలకు మాత్రము ఒక కొలత పెద్దదిగా చూడవలెను. అయిదు నెలలలో వారు ఆగరు. కాగితములకు ఆండర్సన్ వీధి, చిన్న వస్తువులకు కాశీచెట్టి వీధి ఉన్నవి. అక్కడ డజను లెక్కన బేరము కుదురును గావున నాలుగిండ్లవారు కలిసి పోవుట లాభము. పాత పుస్తకముల కానుక ఈ ఊరివారికి క్రొత్త కాదు. 1985లో కాలిపోవువరకు మూరు మార్కెట్టునందు ఎందరో చదువరులు పెరిగిరి. పండుగ మరునాడు ధర తగ్గు అలంకారములను మరుసటి యేటికి కొని అటకపై పెట్టుడు.

పిల్లలు సిగ్గుపడుదురేమో యని కొందరు తల్లులు సంశయించిరి. ఇది కాదనలేని సంగతి. తోటి పిల్లవాడు మెరయు పొట్లము తెచ్చినప్పుడు, చేతిపని కార్డు పట్టుకొన్నవాని ముఖము చిన్నబోవచ్చును. అయితే “డబ్బు లేక ఇట్లు చేసితిమి” అని పిల్లవాని యెదుట మనము నిట్టూర్చినప్పుడే వానికి అది లేమిగా తోచును. మనమును ప్రక్కన కూర్చుండి రెండు కార్డులు చేసినచో, వాడు నక్షత్రము వంకరపోయినదని మనలనే ఎగతాళి చేయును.

వచ్చు శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు నాలుగవ తరగతి గదిలో పిల్లలకును తల్లిదండ్రులకును కార్డులు చేయుట చూపెదను. చార్టు కాగితములు, కత్తెరలు సంఘమువారు ఇత్తురు. బెండకాయలు మాత్రము మీరు తెచ్చుకొనవలెను. కూరకు పనికిరాని ముదురు కాయలు తెండు. లేతవి రెండు ఒత్తులకే నలిగిపోవును.