గోదావరి మొగలో ఇసుక లెక్క

సముద్రమునకు దాదాపు మూడువందల కిలోమీటర్ల దూరమున నున్న సికింద్రాబాదులో కడలి లోతులను గూర్చిన ప్రసంగ మెందుకని శ్రోతలలో కొందరు అనుకొనవచ్చును. రైల్వే స్టేషను నామఫలకమును ఒక్కసారి జ్ఞాపకము చేసికొనుడు. ఊరి పేరు క్రింద, సముద్రమట్టమునుండి ఎత్తు ఇంత అని వ్రాయుట మన దేశమున పరిపాటి. భారత సర్వే శాఖవారు విశాఖపట్టణము, మద్రాసు మున్నగు తొమ్మిది రేవులలో ఆటుపోటులను ఏండ్ల తరబడి గమనించి, వాని సగటును సున్నగా నెంచి, 1909లో ఒక మట్టమును స్థిరపరచిరి. తరతరములుగా మన ఎత్తులకు అదియే ఆధారము. మిట్టనేలలోని మన ఇంటి ఎత్తు సహితము కడలి యొడ్డున పుట్టిన కొలతయే.

అయితే ఆ ఒడ్డు నిలుకడగా నున్నదా? గోదావరిని చూడుడు. ధవళేశ్వరము దాటిన పిమ్మట ఆ నది గౌతమిగా, వసిష్ఠగా చీలి, వైనతేయాది శాఖలతో కడలిని చేరుచున్నది. తెచ్చిన ఒండ్రును, ఇసుకను మొగలయొద్ద దించుచున్నది. అలలు ఆ ఇసుకలో కొంత భాగమును ఒడ్డు వెంబడి ఉత్తరముగా నడిపించుచున్నవి. కాకినాడ ఎదుట హోప్ దీవి అని పిలువబడు పొడవైన ఇసుక తిన్నె అట్లు పెరిగినదే. ఓడల నిర్మాణమునకు పేరుపొందిన కోరంగి రేవు మేటవేసి చెడిపోయినది. నది ఇచ్చినచోట నేల పెరుగును. ఇవ్వనిచోట కడలి దానిని తిరిగి తీసికొనును.

ఇప్పుడు ఆ ఇచ్చుట తగ్గినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు కె. నాగేశ్వరరావుగారును, వారి సహపరిశోధకులును 2010లో ప్రకటించిన లెక్క ప్రకారము, 1970–79 నడుమ ఏటా 15 కోట్ల టన్నులుగా నున్న గోదావరి ఒండ్రు, 2000–2006 నాటికి 5 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయినది. ఆనకట్టల వెనుక మిగిలినది నిలిచిపోవుచున్నది. కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరమున 1965 మొదలు 2008 వరకు, చేరినది పోగా, 76 చదరపు కిలోమీటర్ల నేల కడలిపాలైనది.

నేల పోయినదని పైనుండి తెలిసికొనుట సులభము. 1974లో సికింద్రాబాదులో నెలకొన్న జాతీయ దూరసంవేదన సంస్థ వంటివి ఉపగ్రహ చిత్రములను మనకు సుపరిచితము చేసినవి. కాని నది మొగలోని బురదనీటి క్రింద ఏమున్నదో ఆ చిత్రము చెప్పజాలదు. పోయిన ఇసుక లోతునకు జారినదా, ప్రక్క ఊరికి చేరినదా? అది తెలియవలెనన్నచో మనిషి అచ్చటికి పోయి కొలువక తప్పదు.

కొలుచు విధము ఇది. అలలు చేరని గట్టినేలపై ఒక గుర్తురాయి పాతి, దాని ఎత్తును నిర్ణయింతురు. అచ్చటినుండి ఒడ్డునకు అడ్డముగా ఒక గీత వెంబడి, అడుగడుగున ఎత్తు తీయుచు నీటిలోనికి దిగుదురు. పూర్వము లెవెలు యంత్రము, అంకెల కఱ్ఱ ఇందుకు సాధనములు. రెండు కఱ్ఱలు, ఒక త్రాడు, కనుచూపుమేర దిగంతరేఖ ఉన్న చాలునని 1961లో ఎమరీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు చూపెను. నేడు ఉపగ్రహ సంకేతముల నందుకొను పరికరమును వీపున మోసికొని నడిచినచో ఎత్తు కొలది సెంటీమీటర్ల తేడాతో తెలియును.

కడలిలో నాడు సీసపుగుండు కట్టిన త్రాడును జారవిడిచెడివారు. నేడు పడవ అడుగునుండి ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని విందురు. ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును. సెకనులో నూరవ వంతునకు ప్రతిధ్వని వచ్చినచో, రాకపోకలు కలిసి 15 మీటర్లు. లోతు ఏడున్నర మీటర్లు. ఉప్పునీటికంటె మంచినీటిలో ధ్వని కొంచెము మెల్లగా పోవును. వరదనీరు కలియు మొగలో ఈ తేడాను సరిచూడనిచో, పది మీటర్ల లోతున జానెడు వరకు తప్పు రావచ్చును.

కష్టమంతయు నడుమనున్న పట్టీలో నున్నది. నడచువాడు రొమ్ములోతు దాటి పోలేడు. పడవ విరుగు కెరటములలోనికి రాలేదు. ఇసుక ఎక్కువగా కదలునది అచ్చటనే. కావున పాటువేళ నడచి వీలైనంత లోనికి పోవలెను. కడలి నెమ్మదిగా నున్న దినమున పోటువేళ పడవను వీలైనంత ఒడ్డునకు తేవలెను. రెండు కొలతలు ఒకేచోట కలిసి, ఒకే అంకె చెప్పినప్పుడే లెక్క నమ్మదగినది.

ఇంకొక చిక్కు కలదు. నేలకొలతకు సున్న సగటు సముద్రమట్టము. నావికుల పటములకు సున్న మిక్కిలి దిగువ పాటుమట్టము. మన తీరమున ఈ రెంటికి అర మీటరునకు పైగా తేడా ఉన్నది. నూరడుగులకు ఒక్క అడుగు వాలున్న చదునైన ఒడ్డున, అర మీటరు తేడా అనగా ఏబది మీటర్ల నేల! ఆ మేరకు లేని కోత కాగితముపై కనబడును, ఉన్న కోత కనబడకపోవును. నీటిలో అంకెల కఱ్ఱ నాటి, దానిని గట్టుమీది గుర్తురాయితో ముడిపెట్టి, రెండు సున్నలను ఒకటి చేయుట అందుకే.

ఒక్కసారి కొలిచిన చాలదు. వర్షాకాలమునకు ముందును వెనుకను, తుపాను పోయిన పిమ్మటను, అదే రాయినుండి అదే గీతను ఏండ్ల తరబడి కొలువవలెను. లేనిచో ఋతువుతో పోయి ఋతువుతో వచ్చు ఇసుకను, తిరిగి రాని ఇసుకను వేరుపరచలేము.

జాందానీ చీరలకు పేరుగాంచిన ఉప్పాడలో కడలి ఇండ్లను, బాటను కోసివేసినది. ఎచ్చట గోడ కట్టవలెను, ఎచ్చట ఇసుకను పోయవలెను, ఏ పల్లెను వెనుకకు జరుపవలెను అను ప్రశ్నలకు ఈ కొలతలే ఆధారములు. తీరగ్రామములలోని పాఠశాలలకు రెండు కఱ్ఱలు, ఒక త్రాడు, ఒక పుస్తకము సమకూర్చుట పెద్ద వ్యయము కాదు. పిల్లలు నెలకొకసారి తమ ఒడ్డును కొలిచి వ్రాసిపెట్టినచో, ఆ పుస్తకములు రేపటి ఇంజనీర్లకు విలువగల సాక్ష్యము కాగలవు. ఆ ఊళ్ల పెద్దలు, ఉపాధ్యాయులు ఈ విషయమును ఆలోచింతురుగాక అని మేము కోరుచున్నాము.