మొక్కు లెక్క, గోలీల లెక్క

ఈరోజు పట్టాలు అందుకున్న డాక్టర్లకు, నర్సులకు నా అభినందనలు.

మీకు ఒక అవ్వ సంగతి చెబుదామని వచ్చాను.

చాలా ఏళ్ళ కిందట మేడారం జాతరలో, ఒక వైద్య శిబిరంలో నాకు డ్యూటీ పడింది. జాతర డ్యూటీ అంటే మా తరానికి ఉన్న భయమల్లా వాంతులు, విరేచనాలే. జంపన్నవాగులో లక్షల మంది స్నానాలు చేస్తారు. మా బల్లల నిండా ఓఆర్ఎస్ ప్యాకెట్లు, సెలైన్ సీసాలు, క్లోరిన్ బిళ్ళలు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వచ్చే సాయంత్రం ఒక అవ్వ కుంటుకుంటూ వచ్చి కాలు చాపింది. మడమలో ముల్లు. నేను ముల్లు తీస్తుంటే నర్సమ్మ పనిలో పనిగా ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టింది. 190/110.

"అవ్వా, నీకు బీపీ ఉందా?"

"ఉండె బిడ్డా. గోలీలిచ్చిండ్రు. నెల దినాలు మింగిన. మంచిగయింది, బందు వెట్టిన."

ఆ పొద్దున్నే మనవడి ఎత్తు బంగారం సమర్పించి వచ్చిందట. తక్కెడలో ఒక పక్క పిల్లవాడు, మరో పక్క బెల్లం. మొక్కు బాకీ ఉండకూడదని రెండేళ్ళు గుర్తుపెట్టుకున్న మనిషి, గోలీల లెక్క నెలకే వదిలేసింది. తప్పు ఆమెదా? మొక్కు ఎందుకు తీర్చాలో ఆమెకు పుట్టినప్పటి నుంచి అందరూ చెప్పారు. నొప్పి లేని జబ్బుకు గోలీ ఎందుకు మింగాలో మా డాక్టర్లలో ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఇది ఒక్క అవ్వ సంగతి కాదు. పల్లెల్లో జనం జ్వరాలతో, విరేచనాలతో పోతారని మేం అనుకునేవాళ్ళం. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిగిన అధ్యయనం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. దాదాపు 1,80,000 జనాభాలో ఏడాదికి 1354 మరణాలు. ఊళ్ళో చావుకు చాలాసార్లు డాక్టరు రాసిన కారణం ఉండదు కదా! అందుకని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇళ్ళకు వెళ్ళి ఇంటివాళ్ళనే అడిగారు. ఛాతీలో నొప్పి అన్నాడా? మూతి వంకర పోయిందా? జ్వరం ఎన్నాళ్ళుంది? దీన్నే మౌఖిక శవపరీక్ష అంటాం. తేలిందేమిటంటే, నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటువ్యాధులవి 12.

దేశమంతటా తీరు ఇదే. 1990లో మన మరణాల్లో అసాంక్రమిక వ్యాధుల, అంటే ఒకరి నుంచి ఒకరికి అంటని జబ్బుల వాటా 37.9 శాతం. 2016 నాటికి 61.8. సహారాకు దిగువనున్న ఆఫ్రికా దేశాలూ ఇదే దారిలో ఉన్నాయి. అక్కడ మరణాల్లో ఈ జబ్బుల వాటా 2000లో 24 శాతం ఉన్నది 2019కి 37 అయింది. ఈ పెరుగుదలలో కొంత మంచి కబురూ ఉంది. టీకాలు, ఓఆర్ఎస్ పుణ్యమా అని బతికిన పసివాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. అయితే విరేచనాల నుంచి కాపాడుకున్న మనిషిని యాభై ఏళ్ళకే పక్షవాతానికి అప్పజెప్పడం వైద్యం అనిపించుకోదు.

ఈ జబ్బులు ఎలా ముదురుతాయో చూడండి. మేడారం ఉన్న ములుగు అడవుల్లో వేసవి వస్తే తునికాకు సేకరణ. కట్టకు ఇంత అని కూలి. ఆ ఆకే బీడీ అయి తిరిగి అదే ఊరికి వస్తుంది. దానికి ఉప్పెక్కువ పచ్చళ్ళు, గుడుంబా తోడు. రక్తనాళాలు ఏళ్ళ తరబడి మెల్లగా గట్టిపడతాయి, గుండె కండరం మందమెక్కుతుంది. మనిషికి మాత్రం ఏ బాధా ఉండదు. బాధ తెలిసే రోజున వరంగల్ దాకా అంబులెన్సు ప్రయాణం.

2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లోనే. 18 ఏళ్ళు దాటినవారి బీపీ, షుగరు చూడటం అందులో భాగం. జబ్బు ఉందని కనిపెట్టడం నేర్చుకున్నాం, సంతోషం. కనిపెట్టాక నెలనెలా మనిషిని పట్టుకుని ఉండటమే మనకింకా చేతకాలేదు.

అందుకే మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. "గోలీలు వేసుకుంటున్నావా?" అని అడక్కండి. ఎవరైనా అవునంటారు. "షీటు చూపించు, ఎన్ని మిగిలినయి?" అనండి. మిగిలితే కోప్పడకండి. బస్సు కిరాయి లేకనా, కళ్ళు తిరిగా, నయమైందనుకునా అని తెలుసుకోండి. ఆశా కార్యకర్త చెప్పేది వినండి. ఏ ఇంట్లో ఎవరు మందు మానేశారో మీకంటే ఆమెకే ముందు తెలుస్తుంది.

ఆ రోజు నేను అవ్వ ముల్లు తీశాను, పది రోజుల గోలీలిచ్చాను, "దవాఖానకు పో" అన్నాను. ఆమె తలూపి గద్దెల వైపు నడిచింది. ఊరేదో నేను అడగలేదు. తర్వాతి జాతరలో అదే శిబిరంలో కూర్చుని నాలుగు రోజులూ వచ్చేపోయే ముసలమ్మల ముఖాలు చూశాను. ఆమె కనిపించలేదు.

మీరు ఊరి పేరు రాసుకోండి. వచ్చే జాతరకు ఆ మనిషి తన కాళ్ళ మీద నడిచి రావాలి. మీరు ఈరోజు అందుకున్న పట్టాకు అసలు పరీక్ష అప్పుడు.