పలకకపోతే లేనట్టేనా?

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఫీసుల్లో ఏ కంప్యూటర్ పనిచేస్తోందో, ఏది ఆగిపోయిందో ఎలా కనిపెడతారన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఈ వయస్సులో మనకెందుకీ గొడవ అని కొందరికి అనిపించవచ్చు. కాని ఏ ఆఫీసుకు వెళ్ళినా మనకు వినిపించే మాట ఒకటుంది. "సర్వర్ డౌన్ అండీ, రేపు రండి." మోకాళ్ళ నొప్పులతో రెండు బస్సులు మారి వెళ్ళేవారికి ఆ మాట ఎంత బరువో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మన రోజుల్లో ఎవరు వచ్చారో తెలుసుకోవడానికి హాజరు పట్టీ ఉండేది. సంతకం ఉంటే వచ్చినట్టు, లేకపోతే రానట్టు. కంప్యూటర్లకూ అలాంటి పట్టీ ఉంది. అది రెండు రకాలుగా నడుస్తుంది. మొదటిది పేరు పిలవడం. నెట్‌వర్కులోని ప్రతి యంత్రానికీ ఇంటి నెంబరు లాంటి ఒక నెంబరు ఉంటుంది. పర్యవేక్షించే కంప్యూటర్ ఆ నెంబరుకు "ఉన్నావా?" అని చిన్న కబురు పంపుతుంది. అవతలిది "ఉన్నాను" అని తిప్పి పంపుతుంది. ఒకే భవనంలో అయితే ఇదంతా కనురెప్ప పాటులో అయిపోతుంది. రెండవది, ఎవరూ అడగకుండానే ప్రతి యంత్రమూ నియమిత వ్యవధిలో "నేనున్నాను" అని చెప్పుకోవడం. దీన్ని హార్ట్‌బీట్, అంటే గుండె చప్పుడు అంటారు. జవాబు వచ్చిన యంత్రం తెర మీద ఆకుపచ్చగా, రానిది ఎర్రగా కనిపిస్తుంది.

పేరు పిలిచే పద్ధతికి బాగా వాడుకలో ఉన్న సాధనం 'పింగ్'. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో దీన్ని రాశారు. జలాంతర్గాములు నీటిలోకి శబ్దం పంపి, ప్రతిధ్వనిని బట్టి ఎదుట ఏముందో తెలుసుకుంటాయి కదా, ఆ శబ్దం పేరే దీనికి పెట్టారు. నేటికీ విండోస్ కంప్యూటర్‌లో పింగ్ అని, పక్కన నెంబరు కొడితే అది నాలుగుసార్లు అడిగి, ఎన్నిటికి జవాబు వచ్చిందో లెక్క చెబుతుంది. నాలుగుసార్లు ఎందుకంటే, రద్దీలో ఒక కబురు దారిలో పోవచ్చు. ఒక్కసారి పలకలేదని తీర్మానించకూడదు.

ఇక అసలు సంగతికి వస్తాను. జవాబు రాలేదంటే యంత్రం చెడిపోయిందని అర్థం కాదు. జవాబు రాలేదని మాత్రమే అర్థం. కరెంటు పోయి ఉండవచ్చు. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి వైరు ఊడి ఉండవచ్చు. ఒక సెక్షనుకంతా వైర్లు పంచే పెట్టె ఆగిపోతే ఆ గదిలోని యంత్రాలన్నీ ఒక్కసారే మూగబోతాయి. రోడ్డు తవ్వకాల్లో కేబులు తెగితే ఆఫీసు మొత్తం బయటి ప్రపంచానికి దూరమవుతుంది. ఇవేవీ లేకపోయినా, బయటివారి పిలుపులకు పలకవద్దని కాపలా పెట్టి ఉండవచ్చు. ఆ కాపలాను ఫైర్‌వాల్ అంటారు. 2004లో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్‌తో అది దానంతటదే పనిచేయడం మొదలైంది. అటువంటి యంత్రం లోపల చక్కగా పనిచేస్తూనే, పింగ్‌కు మాత్రం పలకదు.

మరి లోపం ఎక్కడుందో తేల్చేదెలా? తప్పిపోయిన ఫైలును మనం ఎలా వెదికేవాళ్ళమో అలాగే. తపాలు రిజిస్టరు పట్టుకుని సీటు వెంట సీటు అడుగుతూ పోతే, ఎక్కడ ఆగిందో తెలిసేది. ఇక్కడా ముందు దగ్గరి పెట్టెను, తర్వాత భవనపు పెట్టెను, ఆ పైన బయటి సర్వర్‌ను వరుసగా పిలుస్తారు. జవాబు ఎక్కడ ఆగితే సాధారణంగా అక్కడే వెదకాలి.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. ఉదయమే సంతకం పెట్టి, కుర్చీకి కోటు తగిలించి వెళ్ళిపోయే మహానుభావులను మనమందరం చూశాం. పింగ్‌కు పలుకుతూనే పెన్షన్ ప్రోగ్రాం నడపని సర్వర్ ఆ జాతిదే. ఆకుపచ్చ దీపం హాజరుకు గుర్తు, పనికి కాదు.

కనుక ఈసారి "సర్వర్ డౌన్" అంటే కోప్పడకుండా ఇలా అడగండి. "బాబూ, మీ ఒక్క మిషనేనా, ఆఫీసంతా ఇంతేనా, లేక పై ఆఫీసు సర్వరా?" ఒక్క మిషనే అయితే పక్క సీటులో పని జరగవచ్చు. ఆఫీసంతా అయితే లైను ఎప్పుడొస్తుందో కనుక్కోవచ్చు. పై సర్వర్ అయితే ఫోన్ నెంబరు తీసుకుని ఇంటికి రావడం మేలు.

మిత్రులారా, మనకూ ఒక పింగ్ ఉంది. అదే ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్. "ఉన్నారా?" అని సర్కారు అడుగుతుంది, "ఉన్నాం" అని మనం పలకాలి. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ ప్రారంభమయ్యాక వేలిముద్రతో ఇంటి దగ్గర నుంచే పలికే వీలు కలిగింది. 2021లో ముఖం చూపి పలికే సదుపాయమూ వచ్చింది. ఇది నిజంగా గొప్ప మేలు. కాని నాతో పనిచేసిన ఒకాయనకు వేళ్ళ గీతలు అరిగిపోయి మిషన్ ముద్ర తీసుకోలేదు. రెండు నెలలు పెన్షన్ ఆగింది. మనిషి మంచం మీద ఉన్నాడు, మందులు అరువు మీద వచ్చాయి. పలకలేదని ఆపినవారు, ఎందుకు పలకలేదో ఒక్కసారి ఇంటికి కబురు పెట్టి ఉంటే సరిపోయేది.

పై అధికారులకు మనం విన్నవించుకోవలసినది ఇదే. జవాబు రానివారి పెన్షన్ ఆపేముందు మరో దారిలో మరొకసారి అడగండి.

ఈ పని ముందు మన సంఘంలోనే మొదలుపెడదామని నా మనవి. ఒంటరిగా ఉంటున్న సభ్యుల జాబితా రాసుకుందాం. ప్రతి సభ్యుడికీ ఇద్దరు ఇరుగుపొరుగువారి నెంబర్లు దగ్గర పెట్టుకుందాం. ప్రతి ఆదివారం ఫోన్ చేద్దాం. మూడుసార్లు ఎత్తకపోతే ఆ ఇరుగుపొరుగువారికి చేద్దాం, అప్పటికీ తెలియకపోతే మనలో ఒకరం వెళ్ళి తలుపు తడదాం. అందుకు కంప్యూటర్ అక్కరలేదు, ఒక నోటుపుస్తకం చాలు. మా వీధి వరకు ఆ పుస్తకం నేను రాస్తాను. మిగతా వీధులకు పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక కార్యదర్శిగారిని కలవవలసిందిగా కోరుతున్నాను.