గుర్రపుడెక్క నుంచి కాగితం

సూరత్ నగరంలోని ఉధ్నాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఈ పాఠం చెబుతున్నాను. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్ళిన ఎన్నో పద్మశాలి కుటుంబాలు అక్కడ మరమగ్గాల మీద బతుకుతున్నాయి. గుడ్డపీలికలు మీకు కొత్త కాదు. చేతికాగితం అనగానే పాతగుడ్డలే గుర్తొస్తాయి కాబట్టి, ముడిసరుకు ఇంటి ముందే ఉంది గదా అనుకుంటారు. కానీ ఆ పీలికలతో కాగితం రాదు!

ఎందుకు? కాగితాన్ని ముఖ్యంగా పట్టి ఉంచేది జిగురు కాదు. పత్తి, జనుము, గడ్డి వంటి వాటి పోగుల్లో సెల్యులోజ్ ఉంటుంది. అవి నీటిలో నాని, ఉబ్బి, ఒకదానిపై ఒకటి పడి ఆరేటప్పుడు వాటి మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. సూరత్ మగ్గాలపై ఎక్కువగా నడిచే పాలిస్టర్ పెట్రోలియం నుంచి తీసిన దారం. అది నీటిని పీల్చదు, ఆ బంధమూ కుదరదు. అహ్మదాబాద్‌లోని కలంఖుష్ కేంద్రం చేతికాగితానికి పత్తిగుడ్డ ముక్కలనే ఎంచుకున్నది ఇందుకే.

మరి సెల్యులోజ్ ఎక్కడ దొరుకుతుంది? తాపీ నదిపై ఊదారంగు పూలతో పరుచుకునే గుర్రపుడెక్కను చూడండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనువైన చోట రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుంది. కింది నీటికి వెలుతురు, గాలి అందనివ్వదు.

మీరు నీళ్ళలోకి దిగవద్దు. ఒడ్డుకు తీసి వేసినవే తెచ్చుకోండి. కాడలు మాత్రమే చాలు. అద్దకం నీళ్ళు కలిసేచోట సీసం, క్రోమియం వంటి లోహాలు ఎక్కువగా వేళ్ళలో చేరతాయి, కాబట్టి వేళ్ళు వద్దు. ఈ కాగితంలో తినుబండారాలు కట్టవద్దు. పచ్చికాడలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. పది కిలోలు ఎండబెడితే కిలో కూడా మిగలదు. కొన్ని పలకలు చేసినంత మాత్రాన నది శుభ్రపడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

కాడలను అంగుళం ముక్కలుగా కోసి, స్టీలు గిన్నెలో బట్టల సోడా కలిపి, పెద్దల సమక్షంలో రెండు మూడు గంటలు ఉడికించండి. అల్యూమినియం గిన్నె వాడితే సోడా దాన్ని తినేస్తుంది. జారుడు పోయేదాకా కడిగి, రోట్లో దంచండి. దీని పోగు పొట్టిది. ఒక్కదానితోనే చేస్తే కాగితం పెళుసుగా వచ్చి ముడుచుకుంటుంది. అందుకే పాత నూలు బనియను ముక్కలను మెత్తగా దంచి సగానికి సగం కలపాలి. ఈ గుజ్జును తొట్టి నీళ్ళలో కలిపి, దోమతెర బిగించిన చట్రాన్ని ముంచి, సమంగా పైకి లేపండి. పలకను గుడ్డపై బోర్లించి, బరువు పెట్టి, నీడలో ఆరబెట్టండి.

ఇంకొక్క పని ఉంది. ఇలా ఆరిన కాగితంపై సిరా పాకుతుంది. దానికి పలచని గంజి పట్టించాలి. చేమగ్గం నేసిన రోజుల్లో మీ తాతగారు పడుగుకు గంజి పెట్టి కుంచెతో దువ్వి ఉంటారు. గంజి ఎంత పలచగా ఉండాలో ఆయన వేళ్ళ మధ్య రుద్ది చెప్పగలరు, అడిగి చూడండి.